వెనక సీటు మీంచి

నా చేతిలో ఈ పుస్తకం చూసి మా మేనల్లుడు "అత్తా, బండి కొంటున్నావా ఏమిటి?" అన్నాడు. వాడి తప్పు లేదు. పుస్తకం పేరు 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'. రాసినవాడు రాబర్ట్ పిర్సిగ్. ఇందులో జెన్ గురించి చెప్పింది ప్రమాణం కాదు, ఆ మాటకొస్తే మోటారు సైకిళ్ళ గురించి చెప్పిందీ అంతంత మాత్రమే అని రచయితే మొదట్లో నవ్వుతూ ఒప్పేసుకుంటాడు. 121 మంది ప్రచురణకర్తలు మాకొద్దన్నాక 1974లో అచ్చయింది. ఆ తర్వాత లక్షల మంది కొన్నారు. ఎంతమంది చివరిదాకా చదివారన్నది వేరే సంగతి!

కథ చిన్నదే. 1968 వేసవిలో ఓ తండ్రి తన పదకొండేళ్ళ కొడుకు క్రిస్‌ని పాత హోండా వెనక ఎక్కించుకుని, మినెసోటా నించి కాలిఫోర్నియాకి బయల్దేరతాడు. స్నేహితుడు జాన్, అతని భార్య సిల్వియా తమ బి.ఎమ్.డబ్ల్యు. బండి మీద మోంటానా రాష్ట్రందాకా తోడొస్తారు. దారి పొడుగునా తండ్రి బుర్రలో ఉపన్యాసాలు సాగుతూంటాయి.

ఈ ఇద్దరు స్నేహితులకీ బండి అంటే ప్రాణమే. కాని ఒకడికి తోలడం ఇష్టం, ఒకడికి విప్పి బిగించడం కూడా ఇష్టం. జాన్ బండి హ్యాండిల్ వదులై జారిపోతూంటే, మనవాడు ఖాళీ బీరు డబ్బా రేకు కత్తిరించి మధ్యన పెడితే బిగుస్తుందంటాడు. జాన్ మొహం మాడిపోతుంది. పద్ధెనిమిది వందల డాలర్ల జర్మన్ బండికి బీరు డబ్బా ముక్కా! నాకు భలే నవ్వొచ్చింది. పెట్రోలు టాంకు కారితే బట్టల సబ్బు రుద్ది పని జరిపించే దేశం మనది. మన దగ్గరైతే జాన్‌కే అందరూ నచ్చచెప్పి ఉండేవారు.

మా నాన్నగారికి ఓ రాజ్‌దూత్ ఉండేది. ఆదివారం వస్తే వాకిట్లో పాత పేపర్లు పరిచి దాన్ని విప్పేవారు. కిరోసిన్ పోసుకోడానికి అమ్మ గిన్నె ఒకటి బలి. విప్పిన సామాను విప్పిన వరసలోనే పేపరు మీద పెట్టుకోమనీ, నోటు బుక్కులో రాసుకోమనీ పిర్సిగ్ చెప్పిన చోట నేను ఉలిక్కిపడ్డాను. నాన్నగారు ఈ పుస్తకం పేరైనా విని ఉండరు! మూతకి బిగించిన ఒక్క మర ఊడిరానని మొరాయిస్తే, ఆ క్షణాన దాని విలువ మొత్తం బండి విలువతో సమానం అంటాడాయన. మర ఊడక విసుగొచ్చి ఇంట్లో వాళ్ళ మీద అరిచినవాళ్ళందరికీ ఈ మాట అర్థమవుతుంది. అరుపులు తిన్నవాళ్ళకి ఇంకా బాగా.

ఇంకో చోట, ఇంజను బిగుసుకుపోయిన బండిని షాపులో ఇస్తే, రేడియో పాటలు వింటూ పనిచేసే కుర్రాళ్ళు దాన్ని ఇంకా పాడుచేసి పంపిస్తారు. అసలు కారణం ఏమిటయ్యా అంటే, లోపల నూనె అందించే చోట విరిగిన పాతిక సెంట్ల పిన్ను. చేతులు పనిచేస్తున్నాయి, మనసు అక్కడ లేదు అని ఆయన తీర్మానం. బాగా పట్టుకున్నాడు. వంటకీ రచనకీ కూడా ఇది వర్తిస్తుందని నా అనుభవం.

నాకు పేచీ వచ్చింది సిల్వియా దగ్గర. వాళ్ళ వంటింటి కుళాయి కారుతూంటుంది. జాన్ ఓసారి వాషరు మార్చి చూసి, కుదరక వదిలేస్తాడు. ఆ టపటప శబ్దం వింటూ వింటూ సిల్వియా పిల్లల మీద విరుచుకుపడుతుంది. ఆవిడ కోపం పిల్లల మీద కాదు, కుళాయి మీద అని మన రచయిత కనిపెడతాడు. యంత్రాలంటే వీళ్ళకి పడదు అని అందులోంచి ఓ సిద్ధాంతం కూడా లాగుతాడు. సరే, గొప్ప పరిశీలనే. ఇంత తెలిసిన పెద్దమనిషి ఇంకో వాషరు తెచ్చి తనే బిగించి పోకూడదూ? ఆ పని చేసినట్టు ఎక్కడా రాయలేదు.

ఇక్కణ్ణించి నేను ఈ పుస్తకాన్ని ముందు సీటు మీంచి చదవడం మానేశాను. వెనక కూచున్న పిల్లాడికి కడుపునొప్పి వస్తూంటుంది. డాక్టర్లకి కారణం దొరకదు. వాడు ఏడుస్తాడు, అలుగుతాడు. ఇంజన్లో రవ్వంత తేడా చప్పుడొస్తే చెవి రిక్కించే తండ్రి, కొడుకు ఏడుపు దగ్గర మాత్రం కొయ్యబారిపోతాడు. కారణం ఉందనుకోండి. ఆయనకి ఒకప్పుడు మతి చలించింది, ఆస్పత్రిలో కరెంటు షాకులిచ్చారు. వెనకటి మనిషిని 'ఫీడ్రస్' అని వేరే పేరుతో, ఎవరో పరాయివాడి గురించి చెప్పినట్టు చెబుతాడు. ఆ పరాయివాడే తన నాన్న అని క్రిస్ బెంగ. మోటారు సైకిలు కళ గురించి రాసిన నాలుగు వందల పేజీల్లో నాకు మిగిలింది ఈ బెంగే. తన శ్రద్ధ ఎక్కడ చాలలేదో దాచకుండా మనకి చూపించాడే, అక్కడ ఆయన వేదాంతి కన్నా పెద్ద నవలాకారుడు.

చివర్లో సముద్రం దగ్గర ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకున్నాక, హెల్మెట్లు తీసేసి బయల్దేరతారు. మొదటిసారి మాటలు సరిగ్గా వినిపిస్తాయి. క్రిస్ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, తండ్రి భుజాల మీంచి దారి చూస్తాడు. ఇన్నాళ్ళూ, ఇన్ని రాష్ట్రాలూ వాడికి కనిపించింది వీపే!

ఆ పేజీ నేను రెండోసారి చదవలేకపోయాను. నాన్నగారు స్నేహితులతో రాజమండ్రి నించి మారేడుమిల్లి ఘాటు మీదుగా భద్రాచలం వెళ్ళినప్పుడు మధ్యలో ఇరుక్కుని కూచున్నదాన్ని నేనే. నాకు గుర్తున్నది ఆయన చొక్కా మీది నీలం చారలు. అమ్మ పక్కకి తిరిగి కూచునేది. ఆ దారిలో కుడివైపు ఏముందో ఈనాటికీ తనకి తెలీదు.

లోపాలు లేకపోలేదు. షికాగో యూనివర్సిటీలో అరిస్టాటిల్‌తో పెట్టుకున్న పోట్లాట మరీ సాగింది. 'క్వాలిటీ' అంటే ఏమిటో నిర్వచించలేమంటూనే వంద పేజీలు నిర్వచిస్తాడు. ఈయన 1950 ప్రాంతంలో మన కాశీ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకుని వెళ్ళాడు. అది నిర్వచించే రోగం మన దగ్గరే అంటుకుందేమో, చెప్పలేం.

ఆ హోండా బండి ఇప్పుడు వాషింగ్టన్‌లో జాతీయ చరిత్ర మ్యూజియం వారి దగ్గర ఉంది. క్రిస్ లేడు. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దొంగలు పొడిచి చంపారు. అప్పటికి వాడికి ఇరవై మూడేళ్ళు కూడా నిండలేదు. పిర్సిగ్ 2017లో పోయాడు.

చదవదలుచుకున్నవారు 1984 తర్వాత వచ్చిన ప్రతి కొనండి. కొడుకు పోయాక ఆయన రాసిన చివరి మాట అందులో ఉంటుంది. ముందే తిరగేసి చూడొద్దు. అరిస్టాటిల్ దగ్గర విసుగొస్తే మొహమాటపడకుండా పేజీలు తిప్పేయండి. క్రిస్ నోరు విప్పిన ప్రతిచోటా మాత్రం కాస్త ఆగండి.