ఎండ వైపు కిటికీ

విమానంలో ఎండ పడని వైపే కూర్చోమని అందరూ చెబుతారు. బస్సులో మనం చేసేది అదే. ఎక్కగానే ఎండ ఎటు పడుతుందో చూసుకుని రెండో వైపు సీటు పట్టేస్తాం. విమానంలో మాత్రం ఆ లెక్క అన్ని దారులకూ కుదరదు. కింద కొండలు చూడాలా, నీళ్లు చూడాలా అన్నది ముందు తేల్చుకోవాలి.

కొండల సంగతి తేలిక. ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా వెళ్లే విమానం తూర్పుకు పోతుంది. హిమాలయాలు ఉత్తరాన, అంటే ఎడమ చేతి వైపు. సీటు ‘ఏ’. వానలు వెనకబట్టాక, అక్టోబర్, నవంబర్ నెలల్లో సూర్యుడు దక్షిణానికి జరిగి ఉంటాడు కాబట్టి వెలుగు మన వీపు వెనక నుంచి వెళ్లి నేరుగా మంచు మీద పడుతుంది. ఎవరెస్ట్, కాంచనజంగా రెండూ ఆ వైపే. 35,000 అడుగుల ఎత్తు నుంచి కనుచూపు 370 కిలోమీటర్ల దాకా ఆనుతుంది. శిఖరాలు అందులో మూడో వంతు దూరంలోనే ఉంటాయి. తిరుగు ప్రయాణంలో కుడి వైపు, ‘ఎఫ్’.

మన నేల మీద ఎగిరేటప్పుడు నేను ఎండ వైపే కోరి కూర్చుంటాను. చలికాలంలో హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్లే పొద్దుటి విమానమే తీసుకోండి. సూర్యుడు కుడి పక్కన, కాస్త ముందుగా ఉంటాడు. ఫొటోలు సరిగా రావు, నిజమే. కానీ సూర్యుడూ నీరూ మన కన్నూ సరైన కోణంలో కుదిరిన క్షణాన కింద చెరువు ఒక్కసారిగా భగ్గుమని మెరుస్తుంది. కాసేపటికి అది ఆరిపోయి పక్క ఊరి చెరువు వెలుగుతుంది. ఆ మెరుపు విమానంతో పాటే నేల మీద నడుస్తుంది. చెరువులే కాదు, కాలవలు, కుంటలు, నాట్ల రోజులైతే దమ్ము చేసిన మడులు కూడా. తెలంగాణ గొలుసుకట్టు చెరువులు ఎలా ఒకదాని కింద ఒకటి అల్లుకున్నాయో నాకు పుస్తకంలో కన్నా ఈ కిటికీలోనే బాగా అర్థమైంది. ఎడమ పక్క నుంచి చూస్తే అవే చెరువులు మట్టి రంగులో కలిసిపోతాయి.

పటం మీద ఈ రెండు ఊళ్లకూ గీత గీసి చూడండి. పాలేరు, వైరా జలాశయాలు గీతకు దక్షిణాన, కుడి వైపు పడతాయి. భద్రాచలం ఎడమకు పోతుంది. పాపికొండలు మళ్లీ కుడికే. కొండల నడుమ ఇరుకుగా నలిగి వచ్చిన గోదావరి పోలవరం దాటి వెడల్పవడం, ఇంకా దిగువన ధవళేశ్వరం దగ్గర పాయలుగా చీలడం, చివర సముద్రం, అన్నీ ఆ వైపే. మబ్బు పట్టిన రోజైతే ఎడమ వైపు వాళ్లకూ ఒక భాగ్యం ఉంది: మబ్బు మీద విమానం నీడ, దాని చుట్టూ రంగుల వలయం. అది ఎప్పుడూ సూర్యుడికి ఎదుటి వైపే ఏర్పడుతుంది.

ఇక వరుస. ఎయిర్‌బస్ 320లో మధ్య వరుసలన్నీ రెక్క మీదే. రెక్కకు ముందు వరుసలు మేలు. సరిగ్గా రెక్క వెనక కూర్చుంటే ఇంజిన్ వేడికి దృశ్యం అలల్లా కదులుతుంది, అంతకన్నా తోక దగ్గరి సీట్లు నయం. చిన్న ఏటీఆర్ విమానాలకు రెక్క కిటికీల పైన ఉంటుంది. అవి తక్కువ ఎత్తులో ఎగురుతాయి కూడా. నేల చూడటానికి నాకు తెలిసి వాటిని మించినవి లేవు.

విశాఖకు పొద్దున వెళ్తుంటే ‘ఎఫ్’ అడగండి. ఎండ తగులుతోందని తెర మాత్రం దించకండి. నిద్ర ముంచుకొస్తే ఆ సీటు పక్కనున్న పిల్లలకివ్వండి.