పెళ్లికి సాక్షులెవరు? షరతుల శాశ్వత నివాసం, తిరుపతమ్మ కథనం: ఒక విమర్శనాత్మక పరిశీలన

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథ పూర్వపు ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ప్రధానంగా పాతివ్రత్య మహిమాకథగా వ్యాఖ్యానానికి నోచుకుంది. దానిని సాక్ష్యానికి సంబంధించిన కథగా చదవడం అరుదు. వ్యాప్తిలో ఉన్న కథనం ప్రకారం గోపయ్య పశువులను తోలుకొని దూరప్రాంతానికి వెళ్తాడు. కోడలు అత్తింట మిగులుతుంది. నింద పుడుతుంది. ఆమె నడత ఎరిగిన భర్త దగ్గర లేడు. దగ్గర ఉన్నవారు నింద వేసినవారే. రోగంతో పశువుల కొట్టంలో పడి ఉన్న ఆమెకు సేవ చేసిన పాపమాంబకు నిజం తెలుసు గాని, ఆ ఇంట ఆమె మాటకు విలువ లేదు. చివరికి అగ్నిప్రవేశమే తిరుపతమ్మ పక్షాన సాక్ష్యమయింది. స్త్రీ మాట చెల్లడానికి ఆమె మరణం అవసరమైన కథనమిది.

జగ్గయ్యపేట, నందిగామల నుంచి అమెరికా పౌరుణ్ణి పెళ్లాడి వెళ్లి, ఆపై విడాకులు పొందిన స్త్రీ ముందున్న ప్రశ్న కూడా సాక్ష్యానిదే. హెచ్-1బి ఉద్యోగి భార్యగా హెచ్-4 వీసాపై వెళ్లిన స్త్రీ పరిస్థితి వేరు. ఆమెకు సొంత నివాస హక్కంటూ ఉండదు కనుక, విడాకులతో ఆ వీసాకు ఆధారమే పోతుంది. ఇక్కడ చర్చకు వచ్చేది షరతుతో కూడిన శాశ్వత నివాసం. నివాస హోదా లభించే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, రెండేళ్ల గడువున్న కార్డు మాత్రమే ఇస్తారు. గడువు ముగియడానికి ముందున్న 90 రోజులలో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు చేస్తేనే షరతు తొలగుతుంది. బూటకపు పెళ్లిళ్లపై అనుమానంతో 1986లో చేసిన చట్టసవరణ దీనికి మూలం.

ఆ సవరణ తొలిరూపాన్ని శ్రద్ధగా చదవవలసి ఉంది. ఉమ్మడి సంతకం నుంచి మినహాయింపు కోరే విదేశీ జీవిత భాగస్వామి తానే తగిన కారణంతో వివాహాన్ని రద్దు చేసుకొని ఉండాలని అది నిర్దేశించింది. అంటే భర్త ముందుగా విడాకులు తెచ్చుకుంటే భార్యకు ఆ దారి మూసుకుపోయేది. 1990 నాటి చట్టం ఈ మెలికను తొలగించింది; హింసకు, తీవ్ర క్రూరత్వానికి గురైనవారికి ప్రత్యేకంగా మినహాయింపు కల్పించింది. నేడు విడాకులు ఎవరు కోరారన్నది ముఖ్యం కాదు. వివాహం సద్భావంతో జరిగిందని, అది చట్టప్రకారం ముగిసిందని చూపితే చాలు. ఈ దరఖాస్తుకు 90 రోజుల నియమమూ లేదు. తిరుపతమ్మకు దక్కనిది ఇక్కడ దక్కింది: భర్త సంతకం లేకుండా స్త్రీ తన పెళ్లి కథను తానే చెప్పుకోవచ్చు.

అయితే ఆ కథను ఏ భాషలో చెప్పాలి? చట్టం ఇక్కడే తనతో తాను విభేదిస్తుంది. సద్భావం అంటే పెళ్లినాటికి కలిసి బతకాలన్న సంకల్పమని అమెరికా న్యాయనిర్ణయాలు 1975 నుంచి చెబుతూనే ఉన్నాయి. పెళ్లి తర్వాతి నడవడి ఆ సంకల్పాన్ని నిరూపించేంత మేరకే ప్రసక్తం. దరఖాస్తు సూచనలు మాత్రం ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇంటి అద్దె ఒప్పందం, ఆదాయపు పన్ను పత్రాలు, బీమా, పిల్లల జనన ధ్రువపత్రాలు అడుగుతాయి. నిర్వచనం ఆరంభాన్ని చూస్తుంది, పట్టిక అనంతర జీవితాన్ని చూస్తుంది. ఖాతాలో పేరు చేర్చని భర్త, అద్దె ఒప్పందం తన ఒక్కడి పేరునే రాయించుకున్న భర్త, ఈ పట్టిక ముందు భార్య సంకల్పాన్నే శంకాస్పదం చేయగలడు.

పెద్దలు కుదిర్చిన పెళ్లిలో సంకల్పానికి సాక్ష్యం దొరికేది ఆరంభంలోనే. సంబంధం మాట్లాడినవారు, నిశ్చితార్థానికి వచ్చినవారు, శుభలేఖ, పెళ్లి నమోదు, ఇవన్నీ ఇవతలి ఒడ్డున ఉన్నాయి. దరఖాస్తు కోరే ప్రమాణపత్రాలు మాత్రం షరతుల హోదా వచ్చిన నాటి నుంచి దంపతులిద్దరినీ ఎరిగిన కనీసం ఇద్దరు ఇవ్వాలి. జగ్గయ్యపేటలోని మేనమామకు పెళ్లి తెలుసు, కాపురం తెలియదు. డల్లాస్‌లోని పక్క అపార్ట్‌మెంటువారికి కాపురం తెలిసి ఉండవచ్చు, కాని వారు తరచు భర్త స్నేహితులే. ఇక పుట్టింటివారి సద్భావానికి అన్నిటికన్నా బరువైన రుజువు కట్నం; 1961 చట్టం దానిని నేరం చేసింది కనుక అది కాగితం మీదికి రాలేదు. పసుపు కుంకుమల కింద కూతురి పేర రిజిస్టరు చేసిన పొలం దస్తావేజు ఉంటే అది మాత్రం చూపదగినది. న్యాయవాదులు దానిని అడగాలన్న ఆలోచనే చేయరు.

అధికారి అనుమానం పూర్తిగా అన్యాయమనడానికీ వీలులేదు. 1892లో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధానులకు కట్టబెడతాడు. పెళ్లి తంతు పూర్తయింది, పెళ్లికూతురే లేదు. తంతు సద్భావానికి రుజువు కాదని గురజాడ అంతకుముందే నవ్వించి చూపాడు. పెళ్లి ఆల్బమ్ ఒక్కటే చాలదనడంలో అమెరికా అధికారిది కొత్త తర్కమేమీ కాదు.

కాలం విషయంలో చిక్కు ఇంతకన్నా కఠినం. మినహాయింపుకు విడాకుల తుది డిక్రీ కావాలి. 2003 సవరణ తర్వాత భార్య తాను నివసించే చోటనే విడాకుల దావా వేయవచ్చు కనుక నందిగామ ప్రాంతపు కోర్టు అందుబాటులోనే ఉంది. అయితే పరస్పర అంగీకార విడాకులకు హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ ఏడాది విడిగా ఉండడాన్ని, ఆపై ఆరు నెలల నిరీక్షణను విధించింది. ఆరు నెలలను సడలించే విచక్షణ 2017లో సుప్రీంకోర్టు ఇచ్చినా, అది కోర్టు చేతిలోనిదే. రెండేళ్ల కార్డులో ఏడాదిన్నర దీనికే పోవచ్చు. అందుకే చాలామంది అమెరికా రాష్ట్ర కోర్టునే ఆశ్రయిస్తారు.

అక్కడ మరో ముడి ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో, మిస్సోరి కోర్టు భార్య గైర్హాజరులో 1980లో ఇచ్చిన విడాకులను సుప్రీంకోర్టు 1991లో తోసిపుచ్చింది. కోలుకోలేనంతగా వివాహం విచ్ఛిన్నమవడం హిందూ వివాహ చట్టంలో లేని కారణం. అవతలి పక్షం ఆ కోర్టు అధికారానికి స్వచ్ఛందంగా లోబడనూ లేదు. విదేశంలో భర్తలు ఏకపక్షంగా తెచ్చుకునే డిక్రీల నుంచి భార్యలను కాపాడిన సూత్రమిది. అదే సూత్రం స్త్రీ తెచ్చుకున్న డిక్రీకీ వర్తిస్తుంది. భర్త కోర్టుకు రాకుండా, ఒప్పుకోకుండా టెక్సాస్‌లో విడాకులు పొందిన నందిగామ స్త్రీ ఆ డిక్రీతో షరతు తొలగించుకొని పదేళ్ల కార్డు పొందవచ్చు. ఆమె తిరిగివచ్చి జగ్గయ్యపేటలో మరో పెళ్లి చేసుకోదలిస్తే, ఇక్కడి చట్టం దృష్టిలో ఆమె ఇంకా ఆ మొదటి భర్త భార్యే.