ఊడ్వని మూల

నాలుగేళ్ల కిందట ఒకరోజు పొద్దున చూస్తే మా మిద్దె తోటలో గులాబీ ఆకుల అంచులు కత్తెర పెట్టినట్టు గుండ్రంగా తెగి ఉన్నాయి. పురుగనుకుని మందు కొట్టేశాను. వారం పోయాక, మూలన పడున్న పైపు ముక్క కదిపితే లోపలి నుంచి చుట్టలాంటిది జారింది. విప్పి చూద్దును కదా, అవే ఆకు ముక్కలు! పొరలు పొరలుగా చుట్టి, మధ్యలో పుప్పొడి ముద్ద. ఒక తేనెటీగ తన పిల్లకు కట్టిన గది అది. నేను మందు కొట్టింది దాని మీదే.

తేనెటీగ అనగానే మనకు తుట్టే గుర్తొస్తుంది. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులుంటే, వాటిలో చాలావాటికి తుట్టె లేదు, రాణి లేదు. ఏ ఆడ ఈగ గూడు అదే కట్టుకుంటుంది, ఎక్కువగా నేలలో బొరియ తవ్వుకుని. మరి హైదరాబాదులో గేటు నుంచి ప్రహరీ దాకా టైల్సే అయితే అది ఎక్కడ తవ్వాలి? పూలు నాటి తిండి పెడుతున్నాం, తలదాచుకునే చోటు మాత్రం చూపించడం లేదు.

ఆ తిండి సంగతీ అంతంతే. ముద్దమందారంలో కేసరాలే రేకులైపోతాయి. చూడముచ్చటే కానీ ఈగకు దొరికేది తక్కువ. పక్క కుండీలో తులసి వెన్నుల దగ్గర మాత్రం ఒకటే తొక్కిసలాట.

వంకాయ మొక్క దగ్గర ఓ పది నిమిషాలు కూర్చోండి. ఆ పువ్వులో పుప్పొడి సన్నటి గొట్టాల్లో దాగుంటుంది, కొసన చిన్న చిల్లు. తుట్టె ఈగకు దాన్ని దులపడం రాదు. పొట్టమీద నీలి చారలున్న ఈగ వచ్చి గొట్టాలను కావలించుకుంటుంది. రెక్కలు కదలవు, ఒళ్లంతా వణుకుతుంది. ఒక్కసారి జుమ్మని మోత, పొట్ట మీద పసుప్పచ్చటి పొడి. ఈ విద్య తుమ్మెదకూ వచ్చు.

పోయినేడు ప్రహరీ పక్కన రెండడుగుల మేర టైల్స్ పీకించాను. డబ్బు పోసి వేయించినవి పీకించడమేంటని ఇంట్లో అక్షింతలు పడ్డాయి. ఆ మట్టిని ఊడ్వను, తడపను. ఎండు వెదురుబొంగులు కూడా అక్కడే పెట్టాను, తుమ్మెదల కోసం. తప్పనిసరై వేపనూనె కొట్టాల్సి వస్తే సాయంత్రం ఈగలు వెళ్లాకే.

మీ గులాబీ ఆకు గుండ్రంగా తెగి కనిపిస్తే, మందు సీసా తీసే ముందు పైపు ముక్కలు ఒకసారి చూడండి.