అగ్నిదుని ఆశయము

ధర్మశాస్త్రములు ఆతతాయులు ఆరుగురని చెప్పి వారిలో మొట్టమొదట అగ్నిదుని పేర్కొన్నవి. విషము పెట్టువాడు, ఆయుధమెత్తినవాడు, ధనమును, భూమిని, భార్యను అపహరించువాడు అతని తరువాతివారే. ఇల్లు తగులబెట్టువాడెంతటి పాపియో నిర్ణయించిన స్మృతికర్తలు, అతడెందుకు తగులబెట్టునో చెప్పలేదు. ఆ పనిని కావ్యములకు విడిచిరి కాబోలు.

నేను నివసించు ఢిల్లీ ఉపనగరమునకు ద్వారక యని పేరు. ఆ పేరి పురమునకు ప్రభువైన కృష్ణుడు అర్జునునితో కూడి యమునాతీరమున నుండగా, అగ్ని బ్రాహ్మణవేషమున వచ్చి ఖాండవమును ఆహారముగా అర్థించెను. నన్నయ తెనిగించిన ఆదిపర్వము వలన ఈ కథ మనకు సుపరిచితము. శ్వేతకి యాగములో పండ్రెండేండ్లు నేయి త్రావి అగ్నికి అజీర్తి కలిగినది. మూలము ననుసరించి అతడు అంతకుముందే ఏడు మారులు ఆ వనమును దహింప యత్నించి విఫలుడైనాడు. ఏడు మారులు, ఒక్క చోటనే! నేటి నేరపరిశోధకునికి ఇది ఎరిగిన లక్షణమే. అయినను అగ్నిపై మనకు కోపము రాదు. కవి అతనికి ఆకలి నిచ్చినాడు. ఆకలిగొన్నవానిని ఎవరు తప్పుపట్టుదురు?

ఆధునిక నవలలో ఆకలి స్థానమున తత్త్వము వచ్చి కూర్చున్నది. 1950 జులైలో క్యోటోలోని స్వర్ణమందిరమును ఒక యువభిక్షువు దహించెను. 1956లో మిషిమా ఆ ఘటనపై నవల వ్రాసి, సౌందర్యముతో తీరని వైరమును దానికి ఇరుసుగా చేసెను. గొప్ప నవలయే. కాని చదివి ముగించునప్పటికి, అగ్గిపుల్ల గీయుటకు అంతటి తత్త్వము అవసరమని మనము నమ్మిపోవుదుము.

మన నేలపై జరిగిన ఉదంతమొకటి ఈ నమ్మకమునకు అడ్డువచ్చుచున్నది. 2023 వేసవిలో, తిరుపతి జిల్లా చంద్రగిరి మండలములోని కొత్త శానంబట్లలో నిప్పు మరల మరల అంటుకొనెను. కారణము తెలియక జనులు భయపడిరి, పూజలు చేయించిరి. కొరివిదయ్యమను మాటను సిద్ధముగా నుంచుకొన్న భాష గదా మనది! తుదకు పోలీసులు ఆ యూరి యువతి నొకతెను అరెస్టు చేసిరి. ఇంటిలోని మనస్తాపము, కుటుంబము ఊరు విడిచి పోవలెనన్న కోరిక, ఇవియే కారణములని వారి కథనము. అది న్యాయస్థానపు తీర్పు కాదు. అయినను ఆ కథనమునందు దయ్యము లేదు, తత్త్వమును లేదు. 'ఇక్కడ నుండలేను' అన్న మాట మాత్రమున్నది. ఉన్మాదమని త్రోసివేయుటకును వీలు లేదు. ప్రతీకారమునకో ప్రయోజనమునకో నిప్పు పెట్టినవారిని వైద్యులు ఆ జాబితాలో చేర్చరు.

ఇచ్చట అనువాదకుని చిక్కొకటి. ఇల్లు నాశము చేయు ఉద్దేశముతో నిప్పు పెట్టుటకు భారత శిక్షాస్మృతి 436వ సెక్షను యావజ్జీవ ఖైదు వరకు శిక్ష విధించెడిది. 2024 జులై 1న ఆ స్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. హిందీ పాఠము ఆ ఉద్దేశమును 'ఆశయ్' అన్నది. ఏమరి దానిని తెలుగున 'ఆశయము'గా దించితిమా, నేరస్థుడు ఆదర్శవాది యగును. నవ్వు పుట్టించు పొరపాటే. కాని సాహిత్యవిమర్శలో మనము దీనినే తెలిసి తెలిసి చేయుచున్నాము: నిప్పు పెట్టిన ప్రతి పాత్రకును ఒక ఆశయము నంటగట్టుచున్నాము. చట్టమునకు ఉద్దేశము చాలును, ప్రేరణను తప్పక నిరూపింప నక్కరలేదు. కథకు ప్రేరణయే ప్రాణము. అది ఎంత చిన్నదైన అంత చిన్నదిగనే చెప్పగల ధైర్యము కావలెను.

ఖాండవమునందే అట్టి ధైర్యము గల ఘట్టమున్నది. మంటలు సమీపింపగా, రెక్కలు రాని నలుగురు పిల్లలను మోయజాలక జరిత యను శార్ఙ్గకపక్షి వారిని ఎలుక కలుగులో దాగుడనును. ఎలుక వాత పడుటకంటె అగ్నియే మేలని పిల్లలు బదులు పలుకుదురు. దాగుమన్న చోటు మంటకంటె భయంకరమైనదని వారికి తోచినది. శానంబట్ల వంటి ఊరి కథను వ్రాయదలచువారు ఆ నాలుగు మాటలను మరల చదువవలెనని నా విన్నపము.