రాజీనామా కాగితంలో మాట్లాడేది ఎవరు?

కౌలుదారుణ్ణి భూమి నుంచి వెళ్ళగొట్టరాదని ప్రభుత్వం శాసించినప్పుడల్లా, ఆస్తి హక్కుకు భంగం కలిగిందన్న ఆక్రోశం వినిపిస్తుంది. ఈ వాదాన్ని తేలికగా తోసివేయటం అభ్యుదయవాదులకు తగదు. అలా వాదించేవారిలో వేల ఎకరాల దేశ్‌ముఖులూ ఉన్నారు, ఉన్న నాలుగెకరాలు కౌలుకిచ్చి బతుకు వెళ్ళదీసే వితంతువులూ ఉన్నారు. కాబట్టి ఒక నిర్దిష్టమైన చట్టాన్ని తీసుకొని, గ్రామంలో దానికి పట్టిన గతిని పరిశీలించటం మంచిది. ఆ చట్టం 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం.

ఇది పాలకుల దయాదాక్షిణ్యాల వల్ల పుట్టింది కాదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ మల్లంపల్లి దొరల భూమిని కౌలుకు తీసుకొని సాగుచేసింది. ఆ పంటను కాజేయటానికి విసునూరు దేశ్‌ముఖు మనుషులను పంపితే, సంఘం అండతో ఆమె ధాన్యాన్ని ఇంటికి చేర్చుకొంది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో బేదఖళ్ళను ఆపటం ఒక ముఖ్యమైన డిమాండు. రైతులు కర్రలతో నిలిపిన హక్కునే శాసనం తరువాత తన భాషలో రాసుకొన్నది.

ఇంతకూ ఆ శాసనం భూస్వామి నుంచి లాక్కొన్నదేమిటి? నిర్ణీత కాలంలో ఆరేళ్ళపాటు ఎడతెగకుండా సాగుచేసినవాణ్ణి రక్షిత కౌలుదారుగా గుర్తించింది. చట్టంలో చెప్పిన కారణం లేకుండా, అధికారి ఉత్తరువు లేకుండా వాణ్ణి తొలగించకూడదన్నది. భూస్వామికి కౌలు వసూలుచేసుకొనే హక్కు మిగిలింది. కౌలు ఎగవేస్తే తొలగింపు కోరే హక్కూ మిగిలింది. స్వంత సాగు పేరిట కొంత భూమిని తిరిగి తీసుకొనే అవకాశం సైతం మిగిలింది. పైగా ‘స్వంత సాగు’ అంటే నాగలి పట్టనక్కరలేదు, కూలీలచేత చేయించి పర్యవేక్షిస్తే చాలు! ఆస్తి హక్కుకు ఇంతటి మర్యాద చేసిన చట్టాన్ని దోపిడీ అనటం సత్యదూరం.

ఇక ఫలితం చూద్దాం. ఆచార్య ఎ. ఎం. ఖుస్రో హైదరాబాదు రాష్ట్రంలో జరిపిన పరిశీలన 1958లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి గ్రంథంగా వెలువడింది. 1951లో రక్షిత కౌలుదారులైన ప్రతి వందమందిలో, నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ హోదాలో నిలిచినవారు ఇంచుమించు 45 మంది. భూమి కొనుక్కొన్నవారు సుమారు 12 మంది. చట్టప్రకారం తొలగింపబడినవారు ముగ్గురికి మించలేదు. చట్టవిరుద్ధంగా గెంటివేయబడినవారు 22 మంది. తక్కిన పదిహేడు పద్ధెనిమిది మంది తమంతట తామే ‘స్వచ్ఛందంగా’ భూమి వదులుకొన్నారట!

సాహిత్య విద్యార్థి ఆగి చూడవలసింది ఈ ‘స్వచ్ఛందంగా’ అన్న మాట దగ్గరే. ఒక రచనను విమర్శించేటప్పుడు అందులో మాట్లాడే గొంతు ఎవరిదని మొదట అడుగుతాం. రాజీనామా కాగితంలో ‘నేను’ అన్నవాడు కౌలుదారు. వాడికి చదువు రాదు. రాసేది పట్వారీ, రాయించేది దొర, వాడిది వేలిముద్ర మాత్రమే. రాజీనామాను తహసీలుదారు ఎదుట ఒప్పుకోవాలని చట్టం నియమం పెట్టింది. కాని విత్తనపు అప్పుకూ, ఆడపిల్ల పెళ్ళి అప్పుకూ దొర గడప తొక్కక తప్పనివాడు తహసీలుదారు ముందు ఇంకేమంటాడు? కొరడా దెబ్బ ఒంటిమీద కనిపిస్తుంది. ఈ దెబ్బ దస్తావేజులో అంగీకారంగా నమోదవుతుంది.

మన నవల మొదటి దెబ్బను చక్కగా పట్టుకొంది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో దేశ్‌ముఖు పెత్తనం కింద నలిగే గ్రామం కళ్ళకు కడుతుంది. దాశరథి రంగాచార్య 1969 నాటి ‘చిల్లర దేవుళ్ళు’లో దొర పక్కన కరణాన్ని కూడా నిలబెట్టటం గొప్ప వాస్తవిక దృష్టి. గడీ బలం ఎంతటిదో, కలం బలమూ అంతటిదని ఆయన గ్రహించాడు. అయితే ఈ రెండు నవలల కథాకాలమూ చట్టానికి ముందుదే. చట్టం వచ్చిన తరువాత ఆ కలం ఏమి చేసిందన్నది రచయిత చేపట్టవలసిన వస్తువు.

ఆస్తి హక్కును పవిత్రమనేవారిని ఒక ప్రశ్న అడగాలి. 1978లో చేసిన 44వ సవరణ ఆస్తిని ప్రాథమిక హక్కుల నుంచి తొలగించి, చట్టాధికారం లేనిదే ఎవరి ఆస్తినీ హరించరాదన్న సూత్రాన్ని మాత్రం నిలిపింది. చట్టాధికారం లేకుండా వందకు 22 మంది సాగుహక్కును హరించినది ఎవరు? చట్టాన్ని అతిక్రమించి భూమి పొందినవారే చట్టం పేరిట ఆ భూమికి రక్షణ కోరటం విచిత్రం. 1973లో 38-ఇ సెక్షను కింద తెలంగాణ అంతటా రక్షిత కౌలుదార్లకు యాజమాన్యం సంక్రమింపజేశారు. కాని అప్పటికే జాబితాలో లేకుండాపోయినవాడికి, భూమిని ఎన్నడో వదిలినవాడికి ఆ శాసనం ఏమి ఇవ్వగలదు?

చిన్న యజమాని భయం మాత్రం నిజమైనదే. కౌలు కాగితం రాస్తే భూమి పోతుందని అతడు నోటిమాటతో సరిపెడతాడు; దానితో అసలు సాగుదారు రికార్డుకు ఎక్కడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ఈ భయాన్ని తీర్చాలని పదకొండు నెలల ఒప్పందం తెచ్చి, దాన్ని యజమాని సమ్మతికే కట్టివేసింది. తెలంగాణలో 2020లో మొదలైన ధరణి రికార్డులో సాగుదారు గడే లేకపోయింది. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. పేర్లు మారినా, రికార్డులో పేరు లేనివాడికి పంట రుణమూ నష్టపరిహారమూ అందటం కష్టమే.

నిషేధం ఒక్కటే చాలదని ఈ చరిత్ర చెబుతున్నది. చిన్న యజమానికి కౌలు తప్పక అందే ఏర్పాటు ఉండాలి. సాగుదారు పేరు యజమాని దయతో నిమిత్తం లేకుండా రికార్డుకు ఎక్కాలి. భూమి వదులుకొన్నానన్న ప్రతి కాగితాన్నీ గ్రామసభలో బహిరంగంగా విచారించాలి. ఆ వేలిముద్ర వెనక నొక్కివేయబడిన గొంతును వినిపించే బాధ్యత రచయితలది.