ఎల్ల దాటిన మాట: సీమ

అరసికెరె అనగానే చాలామందికి హాసన్ జిల్లాలోని రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని అరసికెరె గురించి. పేరు కన్నడమే: అరసి అంటే రాణి, కెరె అంటే చెరువు. అయితే పావగడకు మూడు వైపులా ఆంధ్రప్రదేశే. కన్నడం చదివి తెలుగు మాట్లాడే ఇళ్లు తాలూకా నిండా ఉన్నాయి. రెండు భాషల పత్రికలూ చదవగల ఇలాంటి చోట నిలబడి చూస్తేనే ‘సీమ’ అన్న మాట పూర్తిగా అర్థమవుతుంది.

సంస్కృతంలో సీమ అంటే హద్దు, పొలిమేర. గీత గీశాక ఆ గీత పేరే లోపలి నేలకూ వచ్చింది. విజయనగర శాసనాల్లో రాజ్యం, సీమ, స్థలం అనే విభాగాలున్నాయి. అక్కడ సీమంటే కొన్ని ఊళ్లు కలిసిన ప్రాంతం. తెల్లవాళ్ల కాలంలో గీతకు అవతలి నేల కూడా సీమే అయింది. దొర సీమకు వెళ్లాడంటే ఇంగ్లండు ఓడ ఎక్కాడని అర్థం. విలాయతి అన్న మాట నడిచిన దారీ ఇదే. అరబ్బీలో విలాయత్ అంటే ఏలుబడిలోని ప్రాంతం, మన దగ్గరికొచ్చేసరికి ఇంగ్లండు.

కృష్ణాపత్రిక 1902లో, ఆంధ్రపత్రిక 1908లో మొదలయ్యాయి. ఆ కాలపు రాతలు చదివేవాళ్లు ముందు చూడాల్సింది వాక్యంలో సీమ ఎక్కడ కూర్చుందన్నది. పేరుకు ముందు కూర్చుంటే పరదేశపు సరుకు: సీమగుడ్డ, సీమనూలు, సీమసున్నం. పేరు వెనక కూర్చుంటే మన ప్రాంతం: కోనసీమ, పలనాటిసీమ. ఒంటరిగా నిలబడితే మాత్రం తేదీ చూసుకోవాలి. ఇంత చిన్న మాట ముందు వెనకలు మారి ఇంత దూరం ప్రయాణించడం నాకు ఎప్పుడూ అబ్బురమే. విదేశీ వస్త్ర బహిష్కరణ అని శీర్షిక పెడితే చదువుకున్నవాడికి తెలుస్తుంది. సీమగుడ్డ అంటే నేతగాడి ఇంట్లో ముసలమ్మకూ తెలుస్తుంది, పైగా మగ్గం ఎందుకు ఆగిందో కూడా ఆ మాటలోనే వినిపిస్తుంది.

ఒంటరి సీమ అర్థం మారడానికి కారణం 1928. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలను అప్పటిదాకా దత్తమండలాలు అనేవారు. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల అన్న చిన్నతనం ఆ పేరులోనే ఉంది. 1928 నవంబరులో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు సూచించారు. శాసనాల నాటి సీమ అలా తిరిగి వచ్చింది. అనంతపురంలో పప్పూరు రామాచార్యులు 1926 నుంచి నడిపిన శ్రీసాధన పత్రిక లాంటివి ఆ నేల గొంతుగా నిలిచాయి. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది ఆంధ్రపత్రిక స్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లోనే. క్రమంగా శీర్షికల్లో ‘రాయల’ రాలిపోయింది. ఈ రోజు ‘సీమకు నీళ్లు’ అని చదివి లండన్ అనుకునే తెలుగువాడు లేడు.

పరదేశపు అర్థం చచ్చిపోయిందా అంటే, లేదు. వంటింట్లో, తోటలో దాక్కుంది. సీమచింత మధ్య అమెరికా చెట్టు. కన్నడంలో సీమెబదనెకాయి అనే కూర మెక్సికో వైపు నుంచి వచ్చింది. తెలుగులో దాన్నే బెంగళూరు వంకాయ అంటాం. అంటే కన్నడిగుడికి సముద్రం అవతలిదైన కాయ, మనకు బెంగళూరు దాకా వచ్చి ఆగింది! కిరసనాయిలు కన్నడంలో సీమెఎణ్ణె. హద్దు అన్న తొలి అర్థమూ పోలేదు: నిస్సీమ అని తెలుగులో అంటే హద్దు లేనిది, కన్నడంలో అంటే ఆరితేరినవాడు.

మళ్లీ అరసికెరెకు వద్దాం. కన్నడ పత్రికలో బయలుసీమె అంటే తుమకూరు జిల్లా కూడా ఉన్న మెట్ట మైదానం. తెలుగు పత్రికలో సీమ అంటే రాష్ట్రపు గీతకు అవతల ఉన్న మడకశిర, హిందూపురం. రెండు వైపులా అదే వేరుశనగ, ఆకాశం వైపు అదే చూపు. ‘సీమలో వానలు’ అన్న శీర్షిక తెలుగులో చదివిన అరసికెరె రైతుకు అది పక్కింటివాళ్ల వార్త. అయినా అతను పత్రిక మడిచి పెట్టి, ఆ దిక్కు మబ్బు చూడ్డానికి బయటికి వస్తాడు.