నురగ తెలిసిన చేయి

శ్రీరాంపూర్‌లో పొద్దటి షిఫ్టు కార్మికులు బొగ్గు బాయి దిగే వేళకే గౌడన్న తాడెక్కుతాడు. నడుముకు మోకు, ముస్తాదు, పదునైన కత్తి. గెల కొసను పలుచగా గీయాలి. లోతుగా తెగితే గెల చెడుతుంది.

గీసిన గెల నుంచి లొట్టిలో కల్లు చుక్క పడ్డప్పటినుంచే ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలు, కార్బన్ డయాక్సైడ్ చేస్తుంది. పైకొచ్చే ఆ వాయువే నురగ. బీరు పులియడానికి రోజులు కావాలి, కల్లుకు గంటలు చాలు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగి తియ్యని నీరా దిగుతుంది. పాత మడ్డి మిగిలితే పొంగు తొందరపడుతుంది, ఎండాకాలం మరీ. అందుకే కల్లు నిండా పోయడు, మూతి బిగించడు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. నురగను చూసే ఆ వేళలు పోల్చుకునే నేర్పు నాకెంతో గొప్పగా తోస్తుంది. కల్లులో క్లోరల్ హైడ్రేటు అనే మత్తుమందు కలిపి అమ్మేవాళ్లు ఈ విద్యనే అవమానిస్తున్నారు.